ఎండ, వరద, వలస: పాఠకుల ప్రశ్నలు, వైద్యుల జవాబులు

పొట్ట చేత పట్టుకుని ఊరు దాటినవాళ్లు, ఏరు పొంగి ఊరు విడిచినవాళ్లు రాసిన ఉత్తరాలకు ఈ నెల జవాబులిస్తున్నాం. ‘నీళ్లు బాగా తాగండి, నీడపట్టున ఉండండి’ అనే సలహా వీళ్లకు చాలదు. ఎంత తాగాలో, ఎప్పుడు తాగాలో, పని ఆపడానికి వీలున్నదో లేదో చూడకుండా చెప్పే జాగ్రత్త గోడమీద రాతగానే మిగులుతుంది.

ప్రశ్న: మా తమ్ముడు మొదటిసారి ఖతార్ పోతున్నడు. షట్టరింగ్ పని. వయసు 26. టికెట్ జూన్‌ల ఉంది. మన ఎండలు చూసినోణ్ని, అక్కడి ఎండ నన్నేం చేస్తది అంటున్నడు. ఏమేం చెప్పి పంపాలె?
– ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా

జవాబు: మన ఎండ వేరు, దోహా ఎండ వేరు. జగిత్యాలలో మే నెల వేడి ఎక్కువగా పొడిగా ఉంటుంది. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది, ఆరుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. గల్ఫ్ తీరంలో ఎండాకాలం చివర గాలినిండా తేమే. చెమట ధారగా కారుతుంది కానీ ఆరదు. కారిన చెమట వల్ల నీరూ ఉప్పూ పోతాయి, వేడి మాత్రం లోపలే ఉంటుంది. అందుకే అక్కడ 38 డిగ్రీలే కదా అనుకోకూడదు.

ఖతార్‌లో 2021 నుంచి ఉన్న నిబంధన ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట పని చేయించకూడదు. వేడి, తేమ, ఎండ, గాలి నాలుగింటినీ కలిపి కొలిచే వెట్ బల్బ్ గ్లోబ్ సూచీ 32.1 డిగ్రీలు దాటితే, ఏ వేళ అయినా పని ఆపాల్సిందే. పక్క దేశాల్లో వేళలు వేరు. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా 11 నుంచి 4 వరకు, సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా 12 నుంచి 3 వరకు, దుబాయ్‌లో అవే తేదీల్లో 12.30 నుంచి 3 వరకు పని నిషేధం. ఈ వేళలు మీ తమ్ముడికి నోటికి రావాలి. మధ్యాహ్నం ఆపిన పనికి బదులు తెల్లవారుజాము నుంచే మొదలుపెట్టిస్తారు కాబట్టి నిద్ర తగ్గుతుంది. నిద్ర చాలని ఒళ్లు మర్నాడు వేడికి ఇంకా తొందరగా లొంగుతుంది.

అన్నిటికన్నా ప్రమాదం మొదటి వారంలోనే. కొత్త వేడికి ఒళ్లు అలవాటు పడటానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. ఈలోపు చెమట ఆలస్యంగా పడుతుంది, పట్టిన చెమటలో ఉప్పు ఎక్కువ పోతుంది. కొత్తవాళ్లకు మొదటి రోజు మామూలు పనిలో అయిదో వంతే ఇచ్చి, రోజుకు మరో అయిదో వంతు చొప్పున పెంచాలని వృత్తి ఆరోగ్య నిపుణులు చెబుతారు. పని తెలిసినవాడు సెలవు నుంచి తిరిగొస్తే సగంతో మొదలుపెట్టి నాలుగో రోజుకు పూర్తి పనికి రావచ్చు. సైట్‌లో ఈ లెక్క ఎవరూ అడగరు, ఫోర్‌మన్ అసలే అడగడు. కాబట్టి మొదటి వారం నీడలో జరిగే పని, అంటే మేకులు పీకడం, పలకలు గీకి శుభ్రం చేయడం లాంటివి అడిగి తీసుకోమనండి. ప్రయాణం అక్టోబరుకు జరపగలిగితే అన్నిటికంటే మేలు.

ఇక నీళ్లు. దాహం వేసేదాకా ఆగకుండా ప్రతి 15, 20 నిమిషాలకు ఒక గ్లాసు, అంటే 250 మిల్లీలీటర్లు తాగాలి. గంటకు లీటరున్నర దాటకూడదు. ఉప్పు లేకుండా ఉత్త నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, తికమక మొదలవుతాయి. చూసేవాళ్లకు అది కూడా వడదెబ్బలాగే కనిపిస్తుంది. రెండు గంటలకు మించి చెమటోడ్చే పనైతే పూటకు ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్టో, ఉప్పేసిన మజ్జిగో కలుపుకోవాలి. ఉప్పు బిళ్లలు మింగొద్దు. ఎనర్జీ డ్రింకులు నీళ్లకు బదులు కావు. మూత్రం లేత పసుపులో ఉంటే సరే, ముదురు పసుపైతే నీరు చాలలేదు. కోలా రంగులో వస్తే కండరాలు దెబ్బతిని కిడ్నీల మీద పడుతున్నట్టు. ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. ఖతార్‌లో అంబులెన్సు నంబరు 999.

ప్రశ్న: ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు కలుపుకోవడం ఇబ్బంది. దుకాణంలో అట్టపెట్టెలో దొరికే రెడీమేడ్ పానీయం తాగొచ్చా?
– పాఠకురాలు, కర్నూలు

జవాబు: లేబులు చదివి కొనండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉండాలి. తీపి పానీయాల్లో చక్కెర దీనికి ఎన్నో రెట్లుంటుంది, ఉప్పు ఉండీ లేనట్టే ఉంటుంది. విరేచనాలున్నప్పుడు అంత చక్కెర పేగులోకి నీటిని లాగి పరిస్థితిని చెడగొడుతుంది. ఈ సూత్రానికి సరిపోని పానీయాల పేరులో ఓఆర్‌ఎస్ అని వాడకూడదని ఆహార భద్రత ప్రాధికార సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. ప్యాకెట్టు దొరకకపోతే లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి కలపండి. చెంచా అంటే 5 మిల్లీలీటర్ల టీ చెంచా. ప్యాకెట్టును సగం నీళ్లలో చిక్కగా కలపడం మేం తరచూ చూసే తప్పు. దానివల్ల దాహం ఇంకా పెరుగుతుంది.

ప్రశ్న: మాది కవిటి మండలం. మా ఆయనకు 38 ఏళ్లు. చెన్నైలో సెంట్రింగ్ పని. నడుం నొప్పికి మేస్త్రీ ఇచ్చే మాత్రలు రోజూ వేసుకుంటారు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 1.6 వచ్చింది. ‘కొంచెం ఎక్కువ, పర్లేదు’ అన్నారు. నిజంగా పర్లేదా?
– శ్రీకాకుళం జిల్లా

జవాబు: పర్లేదు అని వదిలేయకండమ్మా. క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తం నుంచి వడకట్టాల్సిన వ్యర్థం. 38 ఏళ్ల మగవారికి అది 1.6 ఉందంటే కిడ్నీల వడపోత వేగం సుమారు 56. ఈ వయసులో 90కి పైగా ఉండాలి. క్రియాటినిన్ అంకె చిన్నగా కనిపిస్తుంది కనుక మోసపోతాం. అది ఒకటి దాటి ఒకటిన్నరకు చేరేసరికే వడపోత చాలావరకు తగ్గిపోయి ఉంటుంది. అందుకే రిపోర్టులో ఈ వడపోత వేగాన్ని చెప్పే ఈజీఎఫ్‌ఆర్ అనే అంకె కూడా రాయమని అడగండి.

అలాగని ఒక్క పరీక్షతో కిడ్నీ జబ్బని తేల్చేయలేం. రోజంతా ఎండలో పనిచేసి, నీళ్లు తాగకుండా వెళ్లినా ఆ అంకె పెరుగుతుంది. నొప్పి మాత్రలు ఆపి, రెండు రోజులు బరువు పని మాని, నీళ్లు మామూలుగా తాగి, వారం పది రోజుల్లో మళ్లీ చేయించండి. అప్పుడే మూత్రంలో అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి, బీపీ, షుగర్ కూడా చూడాలి. మూడు నెలల తర్వాత చేసినా ఈజీఎఫ్‌ఆర్ 60కి లోపే ఉంటే అప్పుడు దీర్ఘకాలిక జబ్బు అంటాం.

అసలు చిక్కు ఆ మాత్రలతో. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీకి రక్తం తెచ్చే సన్న నాళాలను కుదించేస్తాయి. మామూలు రోజుల్లో ఒళ్లు ఎలాగో సర్దుకుంటుంది. చెమటతో నీరు పోయి రక్తం చిక్కబడిన రోజున, ఉన్న కాస్త రక్తప్రసరణకూ ఆ మాత్ర అడ్డం పడుతుంది. ఇలా ఏళ్ల తరబడి రోజూ జరిగితే నష్టం పేరుకుంటుంది. మేస్త్రీ జేబులోంచి మాత్ర తీసి ఇచ్చేది పని ఆగకూడదనే తప్ప నొప్పి తగ్గాలని కాదు. నొప్పికి పారాసెటమాల్ 500 లేదా 650, రోజుకు మొత్తం 3 గ్రాములు మించకుండా వాడొచ్చు. మద్యం అలవాటుంటే, కాలేయం జబ్బుంటే ఆ మోతాదు కూడా డాక్టరునే అడగాలి.

మీ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎందుకింత ఎక్కువో ఒక్క కారణంతో తేలలేదు. నీరు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఎండలో ఒళ్లు ఎండిపోవడం, అన్నిటిమీదా అనుమానాలున్నాయి. సముద్రం ఆవల నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లోనూ షుగర్, బీపీ లేని కుర్రాళ్లకు ఇదే తరహా జబ్బు వచ్చింది. అక్కడ నీరు, నీడ, గడియారం చూసి ఇచ్చే విశ్రాంతి పెట్టాక కోతకాలంలో కిడ్నీ దెబ్బలు తగ్గాయి. కాబట్టి మీ ఆయన చెన్నైలో పడే వేడిని చిన్న విషయంగా తీసుకోవద్దు. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రి మీకు దగ్గర. ఊళ్లో ఉన్నన్నాళ్లలోనే చూపించి, రిపోర్టుల ఫొటోలు ఫోనులో పెట్టి పంపండి.

ప్రశ్న: మా ఊరి ఇటుక బట్టీల్లో ఒడిశా కుటుంబాలు పనిచేస్తయి. పోయిన ఏప్రిల్‌ల ఒకాయన పడిపోతే నోట్లో నీళ్లు పోసి, ఆటోల ఎక్కించిన్రు. అట్ల పడిపోతే ముందు ఏం చేయాలె?
– ఒక ఉపాధ్యాయుడు, పెద్దపల్లి జిల్లా

జవాబు: ముందు చల్లార్చాలి, ఆ తర్వాతే తరలించాలి. మాట తడబడుతుంటే, మనిషిని గుర్తు పట్టకపోతే, ఫిట్స్ వస్తే, స్పృహ పోతే వడదెబ్బే అనుకోండి. ఒళ్లు పొడిగా ఉంటేనే వడదెబ్బ అన్న మాట నమ్మొద్దు. పని మధ్యలో పడినవాళ్లకు ఒళ్లంతా చెమటే ఉండవచ్చు. 108కి ఫోను కలిపి, నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తల నుంచి కాళ్ల దాకా నీళ్లు గుమ్మరిస్తూ అట్టతోనో గోనెతోనో ఆపకుండా విసరాలి. బట్టీ దగ్గర మట్టి కలిపే నీళ్ల తొట్టి ఉంటుంది. తల నీటిపైన పట్టుకుని మెడ దాకా అందులో కూర్చోబెట్టగలిగితే ఇంకా మంచిది. ఐసుంటే మెడ, చంకలు, గజ్జల్లో పెట్టండి. మొదటి అరగంటలో ఒంటి వేడి దిగకపోతే మెదడు, కాలేయం, కిడ్నీలు దెబ్బతింటాయి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసెటమాల్ ఈ వేడిని దించదు, ఇది జ్వరం కాదు.

బట్టీ కూలి వెయ్యి ఇటుకల లెక్కన వస్తుంది. ముందే అడ్వాన్సు తీసుకుని వచ్చినవాళ్లు ఎవరూ విశ్రాంతి కోరరు. అందుకే యజమానితో మాట్లాడేటప్పుడు జాగ్రత్తల జాబితా చదవకండి, పని వేళలు మార్చమనండి. అచ్చు పోసే పని తెల్లవారుజామున, సాయంత్రం పెట్టొచ్చు. నీళ్ల డ్రమ్ము పని చోటికి వంద అడుగుల్లోపు ఉండాలి. పసిపిల్లల్ని రేకుల గుడిసెలో పడుకోబెట్టకుండా గడ్డి కప్పిన, నాలుగు వైపులా గాలాడే పందిరి వేయించాలి. ఆరు నెలల లోపు బిడ్డకు ఎండాకాలమైనా నీళ్లు పట్టొద్దు, తల్లిపాలే ఎక్కువసార్లు ఇవ్వాలి. తల్లికి మాత్రం ప్రతిసారీ ఓ గ్లాసు నీళ్లు అందాలి. పిల్లల టీకాలకు ఒడిశాలో ఇచ్చిన కార్డు చాలు, లేకపోయినా ఆశా కార్యకర్త వేయించాలి.

తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. మరణిస్తే 4 లక్షల సాయం వస్తుంది. అయితే మరణం వడదెబ్బ వల్లేనని రికార్డు కావాలి. పంచనామా, పోస్టుమార్టం కాకుండా శవాన్ని ఊరికి పంపేస్తే తర్వాత రుజువు చేయడం కష్టం.

ప్రశ్న: మా బావ సౌదీలో రాత్రి పడుకుని లేవలేదు. కాగితంలో సహజ మరణం అని రాశారు. బీమా వస్తుందా?
– నిజామాబాద్ జిల్లా

జవాబు: ప్రవాసీ భారతీయ బీమా యోజన ఇచ్చే 10 లక్షలు ప్రమాద మరణానికీ, శాశ్వత వైకల్యానికే. ‘సహజ మరణం’, ‘గుండె ఆగిపోవడం’ అని రాసి ఉంటే ఆ బీమా దక్కడం కష్టం. గుండె ఆగడం అనేది మరణానికి కారణం కాదు, మరణం జరిగిన తీరు. పగలంతా ఎండలో పనిచేసినవాడు రాత్రి చనిపోతే కారణం వెతకకుండా ఆ మాటతో మూసేయడం వైద్యపరంగా అసంపూర్ణం. అయినా తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు ఇచ్చే 5 లక్షల సాయం వేరు. దానికి మరణ ధ్రువపత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు ప్రతితో కలెక్టరు కార్యాలయంలో వెంటనే దరఖాస్తు చేయండి. కంపెనీ నుంచి రావాల్సిన జీతం, సర్వీసు డబ్బుల సంగతి ఎంబసీకి రాతపూర్వకంగా ఇవ్వండి.

ప్రశ్న: మాది కూనవరం మండలం. గోదావరి పొంగి శబరి ఎగదన్నితే మూటాముల్లే సర్దుకుని గుట్టకు పోతాం. నాన్నకు ఇన్సులిన్. తిరిగొచ్చాక బావి నీళ్లతో ఊరంతా విరేచనాలు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: బావి సంగతి ముందు. వరద నీరు దిగిన బావిని ఒకసారి తోడించి, ఊరిన నీటికి లెక్క కట్టండి. బావి వ్యాసాన్ని మీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి, నీటి లోతుతో గుణించి, 785తో గుణిస్తే లీటర్లు వస్తాయి. వ్యాసం 2 మీటర్లు, లోతు 4 మీటర్లైతే 12,560 లీటర్లు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున 32 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ చాలు. వరద తర్వాత దానికి రెట్టింపు వేయండి. పొడిని నేరుగా చల్లకండి. బకెట్‌లో ముద్దగా కలిపి, ముప్పాతిక దాకా నీళ్లు పోసి, పది నిమిషాలు తేరనిచ్చి, పైతేటను మాత్రమే వేరే బకెట్‌లోకి వంచి, తాడుతో నీటిలోకి దించి కలియబెట్టాలి. అడుగున మిగిలే సున్నం బావిలో పడకూడదు. రాత్రి వేసి పొద్దున తోడుకోవడం వీలు. కనీసం గంట ఆగాలి. ఎండా తేమా తగిలి మూత తెరిచి ఉన్న పాత పౌడర్‌లో క్లోరిన్ మిగలదు. ఆ పొడితో ఎంత వేసినా పనిచేయదు, ఊళ్లలో జరిగే లోటు ఎక్కువగా ఇక్కడే. గుట్ట మీద ఉన్నప్పుడు బిందె నీటిని తెర్లేదాకా కాచి, ఆపైన ఒక నిమిషం మరిగించండి. కట్టెలు లేకపోతే క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగండి.

ఇన్సులిన్ వాడుతున్న సీసా 30 డిగ్రీల లోపు ఉంటే సుమారు నాలుగు వారాలు పనిచేస్తుంది. గుట్ట మీది గుడారంలో వేడి అంతకు మించిపోతుంది. పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, మధ్యలో ఇసుక పోసి, ఇసుకను రోజుకు రెండుసార్లు తడపండి. సీసాను మూత గట్టిగా ఉన్న పొడి డబ్బాలో పెట్టి లోపలుంచండి. నీళ్లలా తేటగా ఉండాల్సిన ఇన్సులిన్ మబ్బుగా మారినా, మబ్బు రకం ఇన్సులిన్ కలిపాక కూడా గడ్డలు కనిపించినా పారేయండి.

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 53 దగ్గర మూడోది. 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. నెలలు నిండిన గర్భిణులు, డయాలిసిస్ వాళ్లు మూడో హెచ్చరిక దాకా ఆగకూడదు, మొదటి హెచ్చరికకే పెద్దాసుపత్రి ఉన్న చోటికి చేరాలి. రోడ్లు ఆలోపే తెగుతాయి. నెలకు సరిపడా మందులు, మందుల చీటీ రెండు వరసల ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టండి. వరద నీళ్లలో నడిచినవారికి జ్వరం, పిక్కల నొప్పి, కళ్లెర్రబడటం వస్తే ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ అని అనుమానించి ఆ రోజే చూపించండి. నివారణకు వారానికి ఒకసారి డాక్సీసైక్లిన్ 200 మిల్లీగ్రాములు ఇస్తారు. గర్భిణులకూ ఎనిమిదేళ్ల లోపు పిల్లలకూ అది పనికిరాదు, మిగతావాళ్లూ ఆరోగ్య సిబ్బందిని అడిగే వేసుకోవాలి.