రిలేలన్నీ ఆన్ కాగానే ఆర్డుయినో రీసెట్: ఆ జంపర్ తీయండి

రిలేలన్నీ (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌లు) ఒకేసారి ఆన్ చేస్తే ఆర్డుయినో (డ్రయ్యర్‌ను నడిపే చిన్న కంట్రోలర్ బోర్డు) రీసెట్ అవుతోందని, తప్పు కోడ్‌లో ఉందా అని అడిగారు. మీ కోడ్‌లో తప్పేమీ లేదు. పలాస జీడిపప్పు డ్రయ్యర్‌లో 4 హీటర్లు, 4 ఫ్యాన్లు విడివిడిగా బాగానే నడిచి, అన్నీ కలిస్తే రీసెట్ అవుతోందంటే 5 వోల్టుల సప్లై చాలట్లేదు. ఒక్కో రిలే కాయిల్‌కి సుమారు 70 మిల్లీఆంపులు, 8కి 560. మీరు 12 వోల్టుల అడాప్టర్ ఇచ్చారు కాబట్టి ఊనో (మీ ఆర్డుయినో బోర్డు) మీద వోల్టేజీని 5కి తగ్గించే రెగ్యులేటర్ మీద దాదాపు 4 వాట్ల వేడి. అది తట్టుకోలేదు.

1. ముందు మెయిన్స్ ఆపి, ప్లగ్ పీకేయండి.
2. రిలే బోర్డు మీద జేడీ-వీసీసీ (రిలే కాయిల్స్ సప్లై), వీసీసీ (సిగ్నల్ వైపు సప్లై) పిన్నులను కలిపే చిన్న జంపర్ తీసేయండి. చాలామంది వేరే సప్లై కొంటారు గానీ ఇది అలాగే వదిలేస్తారు. అప్పుడు రెండు సప్లైలూ కలిసిపోతాయి.
3. వేరే 5 వోల్టుల, 2 ఆంపుల సప్లైని జేడీ-వీసీసీ, గ్రౌండ్‌లకు ఇవ్వండి.
4. ఆర్డుయినో నుంచి వీసీసీ, ఇన్ (సిగ్నల్) వైర్లు మాత్రమే. ఆర్డుయినో గ్రౌండ్ కలపొద్దు, కలిపితే ఆప్టో ఐసోలేషన్ (రెండు వైపులనూ కాంతితో మాత్రమే కలిపి, కరెంటు పరంగా వేరుగా ఉంచడం) పోయినట్టే.

ఫ్యాన్లు ఆగేటప్పుడు కూడా రీసెట్ అయితే, ఆ రిలే కాంటాక్టులకు అడ్డంగా 100 ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 (మెయిన్స్‌కు తగిన కెపాసిటర్) స్నబ్బర్, అంటే స్విచ్ ఆగినప్పుడు వచ్చే స్పార్క్‌ను అణచే సర్క్యూట్, పెట్టండి.

1000 వాట్ల హీటరు 4.3 ఆంపులు లాగుతుంది. గంటలకొద్దీ నడిచేదానికి ఆ బోర్డు మీది నీలం రిలేలు వద్దు, హీట్‌సింక్‌తో 25 ఆంపుల ఎస్‌ఎస్‌ఆర్ (కదిలే భాగాలు లేని సాలిడ్ స్టేట్ రిలే) వాడండి. ఎస్‌ఎస్‌ఆర్ పాడైతే ఎక్కువగా షార్ట్ అయి హీటర్ ఆన్‌లోనే ఉండిపోతుంది. అందుకే ప్రతి హీటర్‌కూ సిరీస్‌లో థర్మల్ కటౌట్ (వేడి మితిమీరితే కరెంటు ఆపేసే స్విచ్) తప్పనిసరి.