కంట్రోల్ సీ కొడితే ప్లగిన్‌కి సిగ్నల్ రెండుసార్లు, కిల్ కొడితే అసలు వెళ్ళదు: మేం ఎలా సరిచేశామంటే

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదండి. గో లాంగ్వేజ్‌లో రాసిన కమాండ్ లైన్ టూల్ ఉంది, అది ప్లగిన్లని (అదనపు పనులు చేసే చిన్న ప్రోగ్రామ్‌లని) వేరే ప్రాసెస్‌లుగా, అంటే విడిగా నడిచేలా లేపుతుంది. టెర్మినల్లో కంట్రోల్ సీ కొడితే ప్లగిన్ క్లీనప్ సగంలోనే చచ్చిపోతోంది, అదే సీఐలో (కోడ్‌ని ఆటోమేటిక్‌గా బిల్డ్, టెస్ట్ చేసే సిస్టమ్‌లో) జాబ్ క్యాన్సిల్ చేస్తే టూల్ పోతోంది కానీ ప్లగిన్ మిగిలిపోయి పని చేస్తూనే ఉంది. రెండు బగ్స్ లాగా కనిపిస్తాయి గానీ ఒకటే బగ్గు, నేను సరిగ్గా దీంట్లోనే ఇరుక్కున్నా కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా.

అప్పట్లో నేను పనిచేసిన చోట డేటాబేస్ మైగ్రేషన్లకి ఒక టూల్ రాసుకున్నాం, ఒక్కో డేటాబేస్‌కి ఒక్కో ప్లగిన్. ప్లగిన్ మొదలవ్వగానే ఒక టేబుల్లో లాక్ వరస పెడుతుంది, అయిపోయాక తీసేస్తుంది. ఎవరైనా కంట్రోల్ సీ కొట్టినప్పుడల్లా ఆ లాక్ అలాగే ఉండిపోయేది, తర్వాత రన్ చేసినవాళ్ళు ఎందుకు ముందుకి కదలట్లేదో తెలీక కూర్చునేవాళ్ళు. రెండ్రోజులు ప్లగిన్ కోడ్‌లోనే వెతికా, అక్కడ తప్పేం లేదు. చివరికి ప్లగిన్ పీఐడీకి (ప్రాసెస్ నంబర్‌కి) ఎస్‌ట్రేస్ (ప్రాసెస్‌కి వచ్చే సిగ్నల్స్ చూపించే టూల్) తగిలించి కంట్రోల్ సీ ఒక్కసారే కొట్టి చూశా. సిగ్‌ఇంట్ (కంట్రోల్ సీతో వెళ్ళే ఆగమనే సిగ్నల్) లైన్లు రెండు వచ్చాయి. మొదటిదాంట్లో సిగ్నల్ పంపింది కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో అసలు భాగం) అని ఉంది, రెండోదాంట్లో పంపినవాళ్ళ పీఐడీ ఉంది, అది మా టూల్ పీఐడీనే. ఆ రెండో లైన్ చూశాకే మొత్తం అర్థమైంది.

జరిగేదేంటంటే, కంట్రోల్ సీ కొట్టినప్పుడు టెర్మినల్ ఆ సిగ్‌ఇంట్‌ని మీ టూల్‌కి ఒక్కదానికే ఇవ్వదు, ఫోర్‌గ్రౌండ్‌లో ఉన్న ప్రాసెస్ గ్రూప్ మొత్తానికి ఇస్తుంది. మీరు ఏమీ మార్చకపోతే చైల్డ్ ప్రాసెస్ కూడా అదే గ్రూప్‌లో ఉంటుంది, కాబట్టి ప్లగిన్‌కి అది నేరుగా అందేసింది. పైన మీ టూల్ మంచి ఉద్దేశంతోనే ఇంకోసారి ఫార్వర్డ్ చేస్తుంది. చాలా ప్లగిన్లు మొదటి సిగ్నల్‌కి నెమ్మదిగా సర్దుకుని, రెండోదానికి యూజర్ ఓపిక అయిపోయిందనుకుని వెంటనే ఎగ్జిట్ అయ్యేలా రాస్తారు, అందుకే క్లీనప్ సగంలో తెగిపోతుంది. సీఐలో దీనికి రివర్స్: మా రన్నర్ (సీఐ జాబ్స్ నడిపే ప్రోగ్రామ్) సిగ్‌టర్మ్‌ని (ముగించమనే సిగ్నల్‌ని) మెయిన్ ప్రాసెస్‌కి మాత్రమే పంపేది, కిల్ కమాండ్‌కి పీఐడీ ఇస్తే వెళ్ళేది ఆ ఒక్కదానికే, గ్రూప్‌కి కాదు. టూల్ పోతుంది, ప్లగిన్ అనాథగా మిగులుతుంది. పీఎస్‌లో (నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితా చూపే కమాండ్‌లో) పీపీఐడీ (పేరెంట్ నంబర్), పీజీఐడీ (గ్రూప్ నంబర్) కాలమ్స్ పెట్టి చూడండి, మిగిలిపోయిన ప్లగిన్‌కి పేరెంట్ సాధారణంగా 1 అని చూపిస్తుంది.

దీనికి అందరూ ముందు చెప్పేది ప్లగిన్‌ని సెట్‌పీజీఐడీతో వేరే గ్రూప్‌లో పెట్టి అన్ని సిగ్నల్స్ మనమే ఫార్వర్డ్ చేద్దాం అని. మేమూ చేశాం, వారం కూడా నిలవలేదు. ఆ గ్రూప్ టెర్మినల్ దృష్టిలో బ్యాక్‌గ్రౌండ్ అయిపోతుంది కాబట్టి ప్లగిన్ పాస్‌వర్డ్ అడిగి కీబోర్డ్ నుంచి చదవబోతే కెర్నల్ సిగ్‌టీటీఐఎన్ పంపి దాన్ని ఆపేస్తుంది. స్క్రీన్ మీద ప్రాంప్ట్ ఉంటుంది, ఎంత టైప్ చేసినా కదలదు, పీఎస్‌లో స్టేట్ టీ (ఆగిపోయింది) అని ఉంటుంది. మీ ప్లగిన్లు యూజర్‌ని ఏదీ అడగవు అంటే ఈ పద్ధతి ఫర్వాలేదు, అడుగుతాయంటే దీని జోలికి వెళ్ళకండి.

మాకు చివరికి పనిచేసింది పైప్, అంటే ఒక ప్రాసెస్ ఒకవైపు రాస్తే ఇంకోటి రెండోవైపు చదివే దారి. టూల్ ఒక పైప్ తెరుస్తుంది, చదివే వైపు ప్లగిన్‌కి ఇస్తుంది, రాసే వైపు తన దగ్గరే పెట్టుకుంటుంది, అందులో ఏమీ రాయదు. ఆపాలనుకున్నప్పుడు తన వైపు మూసేస్తుంది, ప్లగిన్‌కి ఈఓఎఫ్ (ఇక చదవడానికి ఏమీ లేదనే సూచన) వస్తుంది, అది వస్తే పని ఆపేసి సర్దుకోవాలి అని ఒప్పందం. దీంట్లో నాకు బాగా నచ్చింది ఏంటంటే సిగ్నల్ రెండుసార్లు రావచ్చు కానీ పైప్ మూసుకోవడం ఒక్కసారే జరుగుతుంది, లెక్క తప్పే అవకాశమే లేదు. ఇంకోటి, టూల్‌ని ఎవరైనా కిల్ -9 కొట్టినా, మెమరీ చాలక కెర్నలే చంపేసినా కూడా పైప్‌ని కెర్నలే మూసేస్తుంది కాబట్టి ప్లగిన్‌కి కబురు అందుతుంది, సిగ్‌కిల్ (కిల్ -9 పంపే సిగ్నల్) వస్తే హ్యాండ్లర్ (సిగ్నల్ వచ్చినప్పుడు నడిచే కోడ్) రాసుకునే వీలే లేదు కదా. కంటైనర్లు నడిపే డాకర్ కూడా 2024లో వచ్చిన 25వ వెర్షన్ నుంచి ఇదే దారిలో వెళ్ళింది, కంపోజ్, బిల్డెక్స్ లాంటి ప్లగిన్లకి ఒక సాకెట్ (ప్రాసెస్‌లు మాట్లాడుకునే దారి) పాత్‌ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్లో ఇస్తుంది, అది మూసుకుంటే ప్లగిన్ ఆగాలి.

గో లో దీనికి కమాండ్ స్ట్రక్ట్‌లో ఎక్స్‌ట్రాఫైల్స్ అని ఉంది, అందులో మొదట పెట్టింది ప్లగిన్‌లో డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైల్‌కి ఇచ్చే నంబర్) 3గా కనిపిస్తుంది. రాసే వైపు మాత్రం పొరపాటున కూడా ఏ చైల్డ్‌కీ పోకూడదు, పోతే మీరు మూసినా వాళ్ళ దగ్గర తెరిచే ఉంటుంది, ఈఓఎఫ్ ఎప్పటికీ రాదు. గో మామూలుగా తెరిచేవాటికి క్లోజ్-ఆన్-ఎగ్జెక్ (కొత్త ప్రోగ్రామ్ మొదలైతే అందులో మూసుకుపోవాలనే గుర్తు) పెడుతుంది కాబట్టి ఇబ్బంది లేదు, సీ లో రాస్తుంటే మీరే చూసుకోవాలి.

ఇక సిగ్నల్స్ సంగతి. ప్లగిన్‌ని అదే గ్రూప్‌లో ఉండనివ్వండి, సిగ్‌ఇంట్ ఫార్వర్డ్ చేయకండి. సిగ్‌ఇంట్ వచ్చినా సిగ్‌టర్మ్ వచ్చినా టూల్ పైప్ మూసి ప్లగిన్ ముగిసేదాకా వెయిట్ చేయాలి, ముందే వెళ్ళిపోతే యూజర్‌కి షెల్ ప్రాంప్ట్ వచ్చేసి దానిమీద ప్లగిన్ లాగ్స్ పడతాయి. ప్లగిన్ సిగ్నల్స్‌ని లెక్కపెట్టకూడదు, మొదటి సిగ్నల్ అయినా ఈఓఎఫ్ అయినా ఒకే క్లీనప్, తర్వాత వచ్చేవి పట్టించుకోవద్దు. సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులని నడిపేది) కింద నడిస్తే ఇది ఇంకా ముఖ్యం, అక్కడ డిఫాల్ట్‌గా సిగ్‌టర్మ్ కంట్రోల్ గ్రూప్‌లో, అంటే ఆ సర్వీస్ ప్రాసెస్‌లన్నిటికీ వెళ్తుంది. సిగ్నల్స్ ఎన్ని వచ్చాయనే లెక్క, ఎంతసేపు ఆగాలనే గడువు రెండూ టూల్ దగ్గరే ఉండాలి. మేం 8 సెకన్లు పెట్టాం, ఎందుకంటే డాకర్ స్టాప్ మామూలుగా 10 సెకన్లే ఆగి సిగ్‌కిల్ కొట్టేస్తుంది, ఆలోపే మన పని అయిపోవాలి.

మీ కోడ్‌లో కమాండ్‌కాంటెక్స్ట్ (మధ్యలో క్యాన్సిల్ చేయగలిగేలా కమాండ్ నడిపే గో ఫంక్షన్) వాడారని రాశారు, అక్కడ ఒక్కటి తప్పకుండా చూడండి. కాంటెక్స్ట్ క్యాన్సిల్ అవగానే అది డిఫాల్ట్‌గా సిగ్‌కిల్ కొడుతుంది, ప్లగిన్‌కి ఒక్క క్షణం కూడా దొరకదు. గో 1.20 నుంచి క్యాన్సిల్, వెయిట్‌డిలే అనే ఫీల్డ్స్ వచ్చాయి, క్యాన్సిల్లో పైప్ మూసే ఫంక్షన్ పెట్టి, వెయిట్‌డిలేలో ఆ 8 సెకన్లు ఇవ్వండి, గడువు దాటితే సిగ్‌కిల్ సంగతి అదే చూసుకుంటుంది.

ప్లగిన్ ఏదైనా బాష్ రేపర్ స్క్రిప్ట్‌తో (అసలు ప్రోగ్రామ్‌ని లేపే చిన్న షెల్ స్క్రిప్ట్‌తో) మొదలవుతుంటే చివరి లైన్‌లో అసలు ప్రోగ్రామ్ ముందు ఎగ్జెక్ అని పెట్టడం మర్చిపోకండి, అప్పుడు బాష్ స్థానంలో ఆ ప్రోగ్రామే నడుస్తుంది. లేకపోతే గడువు దాటాక మీ సిగ్‌కిల్ బాష్‌కి తగిలి అసలు ప్రోగ్రామ్ బతికే ఉంటుంది, మాకు చివరిదాకా మిగిలిన ఒక్క ప్లగిన్ ఇలాంటిదే. ఇవి మార్చాక టూల్‌కి ఒకసారి కంట్రోల్ సీ, ఒకసారి పీఐడీతో కిల్, ఒకసారి కిల్ -9 కొట్టి, మూడుసార్లూ పీఎస్‌లో ఏం మిగిలిందో, లాక్ పోయిందో లేదో చూడండి. ఏదైనా మిగిలితే ఆ పీఎస్ లైన్ ఇక్కడ పెట్టండి, చూస్తా.