డిమోయిన్ లాంటి ఊళ్లో ఊసుపోతుందా? తొమ్మిదేళ్లుగా ఉంటున్నవాడి జవాబు

డిమోయిన్‌లో ఉద్యోగం వచ్చిందని, భార్యతో, అయిదేళ్ల బాబుతో కలిసి వెళ్లాల్సి ఉందని, డల్లాస్‌లోని మీ స్నేహితులు మాత్రం అక్కడేమీ ఉండదనీ, ఊసుపోక మూడు నెలల్లో మూటాముల్లే సర్దుకుంటారనీ భయపెడుతున్నారని రాశారు. అమెరికా మధ్య పశ్చిమంలో ఇలాంటి ఓ మోస్తరు నగరంలో బతుకు నిజంగా ఎలా ఉంటుందని అడిగారు. తొమ్మిదేళ్ల కిందట నన్నూ సరిగ్గా ఇవే మాటలతో భయపెట్టారు. ఆ భయపెట్టినవాళ్లలో ఒక్కరైనా డిమోయిన్ ఉన్న అయోవా రాష్ట్రం గడ్డ మీద కాలు పెట్టినవారు కారు.

ముందు పేరు సంగతి చెప్పాలి. రాతలో రెండు ఎస్‌లు ఉన్నా పలుకులో రెండింటినీ మింగేస్తారు. మా నాన్నగారు ఇప్పటికీ డెస్ మోయిన్స్ అనే అంటారు, నేనూ దిద్దడం మానేశాను. 2020 జనాభా లెక్కల ప్రకారం నగరంలో ఉన్నది సుమారు 2,14,000 మంది, చుట్టూ ఉన్న శివారు ఊళ్లను కలుపుకుంటే ఏడు లక్షల పైచిలుకు. ఈ నగరంలో కంటే రాజమండ్రి ఊళ్లోనే ఎక్కువ జనం ఉంటారు. అయినా ఇది రాష్ట్ర రాజధాని, బంగారు రేకు తాపిన గుమ్మటంతో శాసనసభ భవనం ఉంది, మనవాళ్లలో చాలామందికి అన్నం పెడుతున్న బీమా కంపెనీల ఊరు కూడా ఇదే. ఇంటి నుంచి ఆఫీసుకు నాకు పద్దెనిమిది నిమిషాలు పడుతుంది. వరుసగా మూడు సిగ్నళ్ల దగ్గర ఆగాల్సి వస్తే ఇక్కడివాళ్లు ట్రాఫిక్ మితిమీరిపోయిందని వాపోతారు.

ఏమీ లేని ఊరు అన్న మాటకు నా దగ్గరున్న జవాబు ఒక్క రాత్రి కథే. అమెరికా అంతటా పిల్లలు వేషాలు కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు అడిగేది అక్టోబర్ 31న, హాలోవీన్ పండగ రోజున. డిమోయిన్‌లో మాత్రం ఆ తిరుగుడు దశాబ్దాలపాటు 30వ తేదీనే జరుగుతూ వచ్చింది. దాని పేరు బెగ్గర్స్ నైట్, అంటే అచ్చంగా బిచ్చగాళ్ల రాత్రి. 1938లో హాలోవీన్ నాడు కుర్రకారు అల్లరి శ్రుతిమించడంతో, పిల్లలు ఊరికే చెయ్యి చాచకుండా ఏదో ఒక విద్య చూపించి పుచ్చుకునే పద్ధతిని ఊరు అలవాటు చేసింది. ఇప్పటికీ ఇక్కడి పిల్లవాడు గుమ్మంలో నిలబడి ఒక జోకు చెప్పనిదే చాక్లెట్ తీసుకోడు. ఈ సంగతి ఫోనులో చెబితే మా అమ్మ ముందు, పండగ పూట బిచ్చమెత్తడమేమిట్రా అని నొచ్చుకుని, ఆ తర్వాత కాసేపు ఆలోచించి, అయితే వాళ్లూ మన హరిదాసుల్లాంటివాళ్లే అన్నమాట, పాట పాడి బియ్యం పోయించుకున్నట్టు, అని సమాధానపడింది. ఇంత చక్కటి వివరణ నాకు ఈ ఊళ్లో ఎవరూ చెప్పలేదు.

మొదటి ఏడాది నాకిదేమీ తెలియదు. సాయంత్రం ఆరింటికి తలుపు తీసేసరికి మొక్కజొన్న కంకి వేషంలో ఒక బుడతడు నిలబడి, నేను చాక్లెట్ల గిన్నె ముందుకు చాపినా ముట్టుకోకుండా, ఏదో గబగబా చెప్పి నా మొహంలోకి చూశాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. వాడు పెద్దమనిషి తరహాలో ఒక నిట్టూర్పు విడిచి, జోకులో ఏ మాటకు రెండు అర్థాలున్నాయో నాకు విడమర్చి చెప్పి, నేను నవ్విన తర్వాత గానీ చాక్లెట్ తీసుకోలేదు.

మరుసటి ఏడాది మా అమ్మాయి వంతు వచ్చింది. దానికప్పుడు ఆరేళ్లు. ఇంగ్లీషు జోకులు నా వల్ల కావు గనుక, మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్న "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు వేసినా చప్పుడు కావు" అన్న పొడుపుకథ చెప్పమన్నాను. అది ముందు తెలుగులో రాగం తీసి చెప్పి, తర్వాత తనకు తోచిన ఇంగ్లీషులో అర్థం చెబుతూ వీధంతా తిరిగింది. చాలామంది ఒకటి రెండు సార్లు తప్పు చెప్పి ఓటమి ఒప్పుకున్నారు. పక్కింటి పెద్దావిడ, బడిలో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి, మాత్రం ఓడిపోనంది. జవాబు చెప్పవద్దని మా అమ్మాయిని గట్టిగా వారించి, రెండు చాక్లెట్లిచ్చి పంపేసింది. మర్నాడు పొద్దున్న ఏడున్నరకు, నేను ఆఫీసు హడావుడిలో ఒక కాలికి సాక్సు వేసుకుని రెండోది వెతుక్కుంటూ ఉండగా తలుపు కొట్టారు. చూస్తే ఆవిడే. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే, చేతిలో కాఫీ కప్పుతో వచ్చి, నాతో ఒక్క మాటా మాట్లాడకుండా, నా వెనక నిలబడ్డ మా అమ్మాయి వైపు చూస్తూ రెండు కళ్లూ టపటపా ఆర్పింది. కనురెప్పలు! మా అమ్మాయి ఎగిరి గంతేసింది. రాత్రంతా ఆలోచించానని చెప్పి, అంతే నిదానంగా తిరిగి వెళ్లిపోయింది.

ఒక ఆరేళ్ల పిల్ల అడిగిన ప్రశ్నకు రాత్రంతా ఆలోచించే తీరిక ఉన్న ఊరిని ఏమీ లేని ఊరు అనడానికి నాకు నోరు రాదు. పెద్ద నగరాల్లో ఇలాంటివి జరగవనే నా నమ్మకం. డల్లాస్‌లో మా తమ్ముడు తన పక్కింటివాళ్ల కారు రంగు చెప్పగలడు గానీ పేరు చెప్పలేడు.

అలాగని ఇక్కడివాళ్లు మనల్ని గుండెల్లో పెట్టుకుంటారని అనుకోకండి. ఈ మర్యాదలో నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. అదే పెద్దావిడ కొడుకు, మంచు కురిసిన ప్రతి ఉదయం తన స్నో బ్లోయర్‌తో మా ఇంటి ముందు దారి కూడా శుభ్రం చేసి, థాంక్స్ చెప్పేలోగా చెయ్యూపి వెళ్లిపోతాడు. కానీ ఇన్నేళ్లలో వాళ్లింటి గడప లోపలికి మమ్మల్ని ఒక్కసారైనా పిలవలేదు. మేం ఇచ్చిన పులిహోర పళ్లెం కడిగి, అందులో గుమ్మడికాయ కేకు పెట్టి తిరిగి ఇస్తారు, అదీ గుమ్మం దగ్గరే. మొదట్లో మా ఆవిడ బాగా నొచ్చుకుంది. ఇప్పుడు ఆ గుమ్మం దగ్గర మాటలే అరగంట సాగుతున్నాయి.

చలి గురించి అందరూ చెబుతారు కనుక నేను పెద్దగా చెప్పను. నగరం నడిబొడ్డున భవనాలన్నిటినీ రెండో అంతస్తు ఎత్తులో కలుపుతూ దాదాపు నాలుగు మైళ్ల అద్దాల వంతెనలున్నాయి, జనవరిలో కోటు వేసుకోకుండానే ఆఫీసు నుంచి భోజనానికి వెళ్లి రావచ్చు. చలికంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది నీళ్లు. చుట్టూ ఉన్న మొక్కజొన్న, సోయా చేలల్లో వేసిన ఎరువు, పొలంలో నిలిచే నీటిని తీసేయడానికి నేల కింద పరిచిన గొట్టాల గుండా వానతోపాటు డిమోయిన్, రకూన్ నదుల్లోకి చేరుతుంది. ఊరు తాగేది ఆ నదుల నీళ్లే. ఆ ఎరువు నుంచి వాటిలో కలిసే నైట్రేట్లను తీసేయడానికే ఇక్కడ ప్రత్యేకంగా ఒక ప్లాంటు నడుపుతున్నారు. 2025 జూన్‌లో ఆ ప్లాంటు మీద భారం తగ్గించడానికి ఇళ్ల ముందు గడ్డికి నీళ్లు పెట్టడాన్ని నిషేధించారు కూడా. తణుకు దగ్గర యూరియా బస్తాలు మోసిన ఇంట్లో పుట్టినవాడిని గనుక, రైతును తిట్టడానికి నాకు మనసొప్పదు. అయినా గ్లాసు ఎత్తిన ప్రతిసారీ ఆ చేలు గుర్తొస్తాయి.

గుడి ఉత్తరాన అరగంట దూరంలో, సరిగ్గా ఆ చేల మధ్యనే ఉంది. ఆ ఊరి పేరు రాతలో స్పెయిన్ రాజధాని మాడ్రిడ్, పలకడంలో మాత్రం మొదటి అక్షరాన్ని నొక్కి మ్యాడ్రిడ్ అంటారు. ఆగస్టులో వెళ్తే గుడి గోపురం తప్ప చుట్టూ మనిషిని మించిన ఎత్తున మొక్కజొన్నే కనిపిస్తుంది. గట్లు లేని పొలాన్ని మా నాన్నగారు జీవితంలో మొదటిసారి అక్కడే చూసి, అయితే సరిహద్దు తగాదాలెలా వస్తాయని అడిగారు.

మీరు అడగనిదే అయినా, మీ స్నేహితులు చెప్పాల్సి ఉండి చెప్పని సంగతి ఇంకొకటుంది. హెచ్ వన్ బీ వీసా మీదున్నవాడికి ఉద్యోగం పోతే దొరికేది గరిష్ఠంగా 60 రోజుల గడువు. డల్లాస్‌లో ఆ గడువులో పది కంపెనీల తలుపులు తట్టవచ్చు, ఇక్కడ బీమా కంపెనీలను లెక్కపెట్టుకుంటూ పోతే మొదటి వారంలోనే జాబితా అయిపోతుంది. మా పై వీధిలోని కుటుంబం అలాగే యాభయ్యో రోజున ఇల్లు అద్దెకిచ్చి వెళ్లిపోయింది. అందుకే ఇక్కడికి వచ్చేముందు నాలుగు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకోండి. ఆ ఒక్క భయమే నిజం, మీ స్నేహితులు చెప్పినవన్నీ మాత్రం, ఊరొదిలి వెళ్లి ఇప్పటికీ డల్లాస్ ట్రాఫిక్‌లోంచి నాకు ఫోన్ చేసి గంటసేపు మాట్లాడే నలుగురిని బట్టి చూస్తే, వట్టి మాటలే.

వచ్చేది వేసవిలో అయితే మంచిది, ఇల్లు చూసుకోవడం తేలిక. శనివారం ఉదయం కోర్ట్ అవెన్యూ దగ్గర జరిగే రైతుల సంతకు వెళ్లండి, దోసకాయలు, వంకాయలు తాజాగా దొరుకుతాయి. కరివేపాకు మాత్రం ఇండియన్ దుకాణంలో శుక్రవారమే కొనిపెట్టుకోవాలి, ఆదివారానికి మిగలదు. అక్టోబర్ వచ్చేలోగా మీ బాబుకు పొడుపుకథ ఒకటి నేర్పండి. కిటకిట తలుపులు వద్దు, అది మా వీధిలో అందరికీ తెలిసిపోయింది.