ఊరెళ్తూ కొత్త ఐఫోన్ పట్టుకెళ్తున్నారా?

సెప్టెంబరులో కొత్త ఐఫోన్ వచ్చిందంటే, అమెరికాకొచ్చి ఏడాది తిరగని వాళ్లకు కూడా ఇంటి నుంచి ఫోన్లు మొదలవుతాయి. "డిసెంబర్‌లో వస్తున్నావుగా, ఒకటి పట్టుకురా, డబ్బులిచ్చేస్తా" అని బావో బాబాయో అడుగుతారు. సరే అనేముందు కాగితం మీద లెక్కేసుకోండి. కొత్త మోడల్ ఇక్కడే ముందు దొరుకుతుందన్నది ఇప్పుడు పాత మాట. ఐఫోన్ 17 ఇక్కడా ఇండియాలోనూ ఒకేరోజు, 2025 సెప్టెంబరు 19న, అమ్మకానికొచ్చింది.

ఇక ధర. మామూలు 17 ఇక్కడ 799 డాలర్ల నుంచి మొదలు, ఇండియాలో 82,900 రూపాయలు. కానీ 799లో సేల్స్ ట్యాక్స్ కలవలేదు. డాలస్‌లో 8.25 శాతం పడితే దాదాపు 865 అవుతుంది. డాలరు 90 రూపాయల లెక్కన 77,850. మిగిలేది మహా అయితే ఐదు వేలు. అక్కడ బ్యాంకు కార్డు ఆఫర్ దొరికితే అదీ ఉండదు. ఈ మోడల్ అడిగిన వాళ్లకు అక్కడే కొనుక్కోమని చెప్పేయండి, మొహమాటం అక్కర్లేదు. ప్రో సంగతి వేరు. 1,099 డాలర్లకు ట్యాక్స్ కలిపి 1,190, అంటే లక్షా ఏడు వేలు; అక్కడ 1,34,900. ఆరెగాన్, డెలావేర్, న్యూహాంప్‌షైర్, మోంటానాల్లో సేల్స్ ట్యాక్స్ లేదు కాబట్టి అక్కడుండేవాళ్లకు ఇంకాస్త కలిసొస్తుంది.

ఈ తేడా అంతా జేబులో పడదు, మధ్యలో శంషాబాద్ కస్టమ్స్ ఉంది. 2016 బ్యాగేజీ నిబంధనల్లో 50,000 రూపాయలున్న, డ్యూటీ లేకుండా తెచ్చుకోగల పరిమితిని 2026 ఫిబ్రవరిలో 75,000 చేశారు. దాటిన మొత్తం మీద డ్యూటీ, సర్‌చార్జి కలిపి 38.5 శాతం అన్నది ఏళ్లుగా నడుస్తున్న లెక్క. టికెట్ తీసుకున్నాక కస్టమ్స్ వెబ్‌సైట్‌లో ఓసారి చూసుకోండి. పై ప్రో ఫోనుకైతే 32,000 మీద పన్నెండు వేల పైచిలుకు. అది కట్టినా పదిహేను వేలు మిగులుతాయి. అదే రెండు ఫోన్లయితే రెండోదాని మొత్తం ధర మీదా డ్యూటీ పడుతుంది, దాని మీద ఎదురు పెట్టాల్సొచ్చి మొదటిదాని లాభం కూడా దాదాపు అంతా పోతుంది. భార్యాభర్తలిద్దరి పరిమితినీ కలిపి ఒకే వస్తువు మీద వాడుకుంటామంటే కుదరదు, ఎవరిది వాళ్లదే. పెట్టె పారేస్తే విలువ తగ్గదు. బిల్లు దగ్గరుంచుకుని రెడ్ ఛానల్‌లో (డ్యూటీ కట్టాల్సినవాళ్లు వెళ్లే దారి) చెప్పేయడమే నయం. దొంగ బిల్లు చూపిస్తే వస్తువూ పోతుంది, జరిమానా కూడా పడుతుంది.

డబ్బుకంటే ఎక్కువ తలనొప్పి సిమ్‌తో. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లకు సిమ్ ట్రే లేదు, ఫోన్ లోపలే ఉండే డిజిటల్ సిమ్, అంటే ఈసిమ్ ఒక్కటే. గుంటూరులో పిన్ని పాత ఫోన్లోంచి సిమ్ తీసి ఇందులో వేద్దామంటే వేసే చోటే ఉండదు. ముందు కొత్త ఫోన్లో *#06# కొట్టండి. 32 అంకెల ఈఐడీ (ఈసిమ్ గుర్తింపు సంఖ్య), 15 అంకెల ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు సంఖ్య) కనిపిస్తాయి, స్క్రీన్‌షాట్ తీసుకోండి. జియో అయితే పాత సిమ్ ఇంకా పనిచేస్తున్న ఫోన్ నుంచే 'గెట్‌ఈసిమ్' అని ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో, ఒకే మాటగా టైప్ చేసి, ఖాళీ వదిలి ఈఐడీ, మళ్లీ ఖాళీ వదిలి ఐఎంఈఐ వేసి 199కి మెసేజ్ పంపాలి. 32 అంకెల్లో ఒక్కటి తప్పినా పని జరగదు, అందుకే కాపీ చేసి వాట్సాప్‌లో పాత ఫోనుకు పంపి అక్కడ పేస్ట్ చేయండి. ఎయిర్‌టెల్‌లో 121కి పంపే మెసేజ్‌లో ఈమెయిల్ ఇవ్వాలి. పెద్దవాళ్ల నంబర్లకు చాలాసార్లు ఈమెయిలే నమోదై ఉండదు, దుకాణానికి వెళ్లాల్సొస్తుంది.

ఈ మార్పు తిరుగు ప్రయాణం ముందురోజు పెట్టుకోకండి. సిమ్ మారాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆగిపోతాయి. బ్యాంకు ఓటీపీ రాదు. ఫోన్‌పే, గూగుల్‌పే కొత్త ఫోన్లో తెరవాలన్నా ఆ నంబరు నుంచి మెసేజ్ వెళ్లాలి కదా. మీరక్కడ ఉండగా, మొదటి వారంలోనే చేసేయండి.

కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. క్యారియర్ వాళ్లు "ఫ్రీ" అనే ఫోన్ 24, 36 నెలల బిల్లు క్రెడిట్ల మీద వస్తుంది, బాకీ తీరేదాకా లాక్‌లోనే ఉంటుంది. ఇండియా సిమ్ తీసుకోదు. పూర్తి డబ్బు కట్టి అన్‌లాక్డ్ కొనండి. సెట్టింగ్స్‌లో జనరల్, అబౌట్‌లోకి వెళ్లి క్యారియర్ లాక్ ఎదురుగా 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని ఉందో లేదో చూడండి. రెండోది, యాపిల్‌లో వాపసు గడువు 14 రోజులు. నెల ముందే కొని సీలు తీయకుండా సూట్‌కేసులో దాచి, ఊళ్లో తెరిస్తే కెమెరా పనిచేయకపోతే ఏం చేస్తారు? ప్రయాణానికి వారం పది రోజుల ముందు కొని, ఇక్కడే ఆన్ చేసి చూడండి.

నిజంగా కలిసొచ్చేది ల్యాప్‌టాప్. 18 ఏళ్లు నిండిన ప్రయాణికులకు ఒకటి, ఆ 75,000 పరిమితితో సంబంధం లేకుండా, డ్యూటీ లేకుండా వదులుతారు. మ్యాక్‌బుక్ ఛార్జర్ 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది, ప్లగ్ మారిస్తే చాలు. చెల్లెలు అడిగిన డైసన్ హెయిర్ డ్రయర్ అలా కాదు. అమెరికాది 120 వోల్టులకే చేసింది, మన 230లో పెడితే పనిచేయదు, పాడైపోవచ్చు కూడా. కన్వర్టర్‌తో వాడొద్దని కంపెనీయే చెబుతుంది. ఏది కొన్నా ఛార్జర్ మీద 'ఇన్‌పుట్' అన్న చోట రాసింది చదవండి.

పవర్‌బ్యాంక్ చేతి సంచిలోనే పెట్టాలి, 100 వాట్-అవర్ల లోపు ఉండాలి. 20,000 ఎంఏహెచ్‌ది 74 వస్తుంది, ఇబ్బంది లేదు. డ్రోన్ మాత్రం ఎవరడిగినా తేవద్దు, 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి నిషేధం. ట్రెక్కింగ్‌కు వాడే గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ పరికరం మీ బ్యాగులో మిగిలిపోయి ఉంటే ఇక్కడే వదిలేయండి, అనుమతి లేకుండా దొరికితే పోలీసు కేసు దాకా పోతుంది. మీ సొంత ఖరీదైన కెమెరాను ఇండియా నుంచి ఇటు తెస్తున్నట్టయితే, మళ్లీ తీసుకెళ్లినప్పుడు డ్యూటీ అడగకుండా, బయల్దేరే రోజు ఎయిర్‌పోర్టు కస్టమ్స్ దగ్గర సీరియల్ నంబరుతో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. చెక్-ఇన్ బ్యాగేజీ వేసేముందే అడగాలి.