స్విచ్చి జాక్‌లోనే ఉంది

కోఠి గుజరాతీ గల్లీకి దగ్గర్లో రిపేరు బల్ల వేసుకుని ముప్పై ఏళ్లు దాటింది. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఇయర్‌ఫోన్ గొడవలే. పరీక్షల రోజులు కదా, ఇంట్లో ఒకరికి పాట కావాలి, ఇంకొకరికి నిశ్శబ్దం కావాలి.

ప్రశ్న: మాది పద్మారావు నగర్‌లో రెండు గదుల ఇల్లు. నైట్ షిఫ్ట్ ముగించుకుని నేను మూడింటికి పడుకుంటే, నాన్నగారు నాలుగున్నరకు లేచి భక్తి పాటలు పెడతారు. మా తమ్ముడు చేసిచ్చిన చెక్క పెట్టె ఆయనది. అందులో రెండు చిన్న స్పీకర్లు, శబ్దం పెంచే ఒక ఎర్ర బోర్డు, పాత మొబైల్ చార్జర్ ఉన్నాయి. ఫోన్ నుంచి తీగ వచ్చి పెట్టెకు కలుస్తుంది. ఇయర్‌ఫోన్ కొనిచ్చాం గానీ, ఆ తీగ పీకి ఇది పెట్టడం ఆయనకు గుర్తుండదు. పిన్ను పెట్టగానే స్పీకర్లు వాటంతటవే ఆగాలి. ఒక షాపులో ఆటోమేటిక్ సర్క్యూట్‌కి ఆరు వందలు అడిగారు. తమ్ముడు స్పీకర్ తీగలకే జాక్ (పిన్ను దూర్చే గూడు) తగిలించి చూస్తే రెండు బోర్డులు కాలిపోయాయి. వంద రూపాయల్లో అవుతుందా?
– ఒక పాఠకురాలు, పద్మారావు నగర్

జవాబు: అవుతుందమ్మా. వందలో డెబ్బై మిగులుతాయి కూడా.

ముందు ఆ ఆరు వందల సంగతి చెబుతాను. మీరు అడిగే ఆటోమేటిక్ స్విచ్చి పది పదిహేను రూపాయల జాక్‌లోనే ఉంటుంది. షాపులో "స్విచ్చి ఉన్న స్టీరియో జాక్, ఐదు కాళ్లది" అని అడగండి. మూడు కాళ్లది ఇస్తే తీసుకోవద్దు. ఇంటికి తెచ్చాక కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని, పక్క నుంచి చూస్తూ ఇయర్‌ఫోన్ పిన్నును మెల్లగా తోయండి. లోపల రెండు సన్నటి ఇత్తడి రేకులు పక్కకు జరగడం కనిపిస్తుంది. పిన్ను లేనప్పుడు ఒక్కో రేకూ పక్కనున్న ఇంకో రేకును ఆనుకుని ఉంటుంది. పిన్ను వచ్చి తోయగానే ఆ ఆనిక తెగిపోతుంది. అంతే స్విచ్చి. మల్టీమీటర్‌ని బజర్ మీద పెట్టి ఏ కాలు ఏ కాలితో కలిసిందో చూసుకోండి. పిన్ను లేనప్పుడు కూత వచ్చి, పెట్టగానే ఆగిపోయే జతలు రెండు దొరుకుతాయి. ఒకటి ఎడమ చెవిది, ఒకటి కుడి చెవిది. ఐదో కాలు గ్రౌండు, అంటే రెండు చెవులకూ ఉమ్మడి కొస.

ఇది కొత్త కిటుకేమీ కాదు. మా ఇంట్లో పాత ట్రాన్సిస్టర్ రేడియోకు ఒక చెవి ఇయర్‌ఫోన్ పెడితే స్పీకర్ మూగబోయేది, అందులోనూ ఇదే రేకు. అసలు ఈ పిన్నులు పుట్టింది టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో. పందొమ్మిదో శతాబ్దంలో ఆపరేటర్లు తాళ్లలాంటి తీగలు పట్టుకుని పొడిచేవి 6.35 మిల్లీమీటర్ల లావు ఉండేవి. మనం వాడే 3.5 మిల్లీమీటర్లది వాటి మనవరాలు.

ఇక మీ తమ్ముడి బోర్డుల సంగతి. అతన్ని తిట్టకండి, అదే తప్పు చేసి నేనూ ఒకటి కాల్చాను, అదీ కస్టమర్ ఎదురుగా నిలబడి చూస్తుండగా. మీరు చెప్పిన ఎర్ర బోర్డు మీద దాదాపుగా పీఏఎం 8403 అనే పదహారు కాళ్ల చిప్పు ఉంటుంది, భూతద్దంతో చదవండి. 5 వోల్టుల మీదే ఒక్కో స్పీకర్‌కు 3 వాట్ల దాకా తోయగలదు. అంత చిన్న దానికి అంత బలం ఎలాగంటే, స్పీకర్‌కు వెళ్లే రెండు తీగలనూ అదే ఆడిస్తుంది. ఒకటి పైకి పోతే రెండోది కిందికి పోతుంది. అంటే మనం మైనస్ అనుకునే తీగ గ్రౌండు కానే కాదు, అది కూడా అవుట్‌పుట్టే. దీన్ని మా బల్ల దగ్గర బ్రిడ్జి అవుట్‌పుట్ అంటాం.

ఇయర్‌ఫోన్‌లోనేమో రెండు చెవులకూ కలిపి ఒకటే కామన్ తీగ. దాన్ని ఈ బోర్డుకు తగిలిస్తే ఎడమ మైనస్, కుడి మైనస్ ఒకదానికొకటి షార్ట్ అవుతాయి. గ్రౌండుకు కలిపితే ఇంకా అన్యాయం. చిప్పు కాగితాల్లో షార్ట్ సర్క్యూట్ రక్షణ ఉందనే రాసి ఉంటుంది. నలభై యాభై రూపాయల నకళ్లలో ఆ రక్షణ మీద నేనైతే భరోసా పెట్టుకోను.

మీ దగ్గరున్నది ఏ రకమో తెలియకపోతే, పాట ఆపేసి, మీటర్ నల్ల తీగను సప్లై మైనస్ మీద పెట్టి, ఎర్ర తీగతో స్పీకర్ రెండు కొసలనూ ఒక్కొక్కటిగా తాకండి. రెండింటి మీదా రెండున్నర వోల్టుల దరిదాపుల్లో చూపిస్తే బ్రిడ్జి. అక్కడ ఇయర్‌ఫోన్ పెట్టొద్దు.

మరి ఎక్కడ పెట్టాలి? బోర్డుకు ముందు. నాన్నగారి ఫోన్ ఎలాగూ ఇయర్‌ఫోన్‌ను మోయగలదు, దానికి ఈ బోర్డు సాయం అక్కర్లేదు. కాబట్టి ఫోన్ నుంచి వచ్చే తీగను ముందు జాక్‌కు తీసుకురండి. ఎడమ, కుడి తీగలు పిన్ను తాకే రెండు కాళ్లకు, మూడోది గ్రౌండుకు. పిన్ను పెడితే తెగిపోయే మిగతా రెండు కాళ్ల నుంచి బోర్డు ఇన్‌పుట్‌కు, గ్రౌండు నుంచి గ్రౌండుకు. పిన్ను లేకపోతే పాట రేకుల గుండా బోర్డుకు వెళ్తుంది. పెడితే చెవుల్లోకి వెళ్తుంది, బోర్డుకు దారి మూసుకుపోతుంది.

ఇక్కడ చాలామంది మర్చిపోయే ముక్క ఒకటుంది. దారి తెగిన ఇన్‌పుట్ గాల్లో వేలాడుతూ ఇంట్లోని కరెంటు గుర్రును పట్టుకుంటుంది, తెల్లవారుజామున అది బాగా వినిపిస్తుంది. బోర్డు ఇన్‌పుట్ రెండింటి నుంచీ గ్రౌండుకు చెరొక 10 కిలో ఓముల రెసిస్టర్ వేయండి, గుర్రు పోతుంది. రెసిస్టర్లు రెండు రూపాయలు, జాక్ పదిహేను, తీగ పది. అంతే ఖర్చు.

ఇంత చేసినా చెవి ఆనించి వింటే స్పీకర్‌లో సన్నటి బుస ఉంటుంది, బోర్డు ఇంకా మేలుకునే ఉంటుంది కనుక. మీకు నిద్ర పట్టడానికి ఇది అడ్డు కాదు. మీ తమ్ముడికి ఉబలాటముంటే మాత్రం ఒక మెట్టు పైకి వెళ్లవచ్చు. ఆ చిప్పు పన్నెండో కాలు గ్రౌండుకు తగిలితే చిప్పు మొత్తం పడుకుంటుంది. బోర్డులో అది 5 వోల్టులకు అతికి ఉంటే ఎత్తి, 10 కిలో ఓముల మీదుగా మళ్లీ 5 వోల్టులకు కలపాలి. స్విచ్చిలా పనిచేసే బీసీ 547 ట్రాన్సిస్టర్ కలెక్టర్‌ను ఆ కాలికి, ఎమిటర్‌ను గ్రౌండుకు వేయాలి. ఈసారి బోర్డు ఇన్‌పుట్‌ను ఫోన్ తీగకే నేరుగా కలిపి, జాక్‌లోని ఒక్క రేకునే కాపలాకు పెట్టుకోవాలి. పిన్ను పెడితే తెగే ఆ రేకు కాలికి 5 వోల్టుల నుంచి 100 కిలో ఓములు, పిన్ను తాకే దాని జత కాలి నుంచి గ్రౌండుకు 1 కిలో ఓము. పిన్ను లేనప్పుడు రేకు కలిసి ఉండి అక్కడ 50 మిల్లీవోల్టులే ఉంటాయి, ట్రాన్సిస్టర్ కదలదు. పిన్ను పెట్టగానే రేకు విడిపోయి వోల్టేజి పైకి లేస్తుంది, ట్రాన్సిస్టర్ పన్నెండో కాలిని కిందికి లాగుతుంది. రేకు నుంచి బేస్‌కు 10 కిలో ఓములు, బేస్ నుంచి గ్రౌండుకు 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ తప్పనిసరి. ఒకసారి తొందరలో ఆ కెపాసిటర్ వదిలేశాను. డోలు దెబ్బ పడ్డప్పుడల్లా ట్రాన్సిస్టర్ దాన్నే పిన్ను అనుకుని స్పీకర్‌ను ఆపేది. భజన కాస్తా నత్తి భజన అయింది.

ఇంకో మాట, ఇది మీ పెట్టె గురించి కాదు. ఎల్ఎం 386, టీడీఏ 2822ఎం లాంటి పాత చిప్పుల్లో అవుట్‌పుట్ కెపాసిటర్ గుండా వచ్చి, స్పీకర్ రెండో కొస నిజంగానే గ్రౌండుకు ఉంటే, జాక్‌ను స్పీకర్ దారిలోనే పెట్టుకోవచ్చు. కాకపోతే స్పీకర్‌కు సరిపోయే జోరు చెవికి ఎక్కువ. ఒక్కో చెవి దారిలో 100 ఓముల రెసిస్టర్ వేయండి, 12 వోల్టుల పెద్ద ఆంప్లిఫయర్ అయితే 220 నుంచి 330 ఓములు, అర వాట్‌ది.  

ప్రశ్న: మీ పద్ధతిలోనే ఐదు కాళ్ల జాక్ పెట్టాను. స్పీకర్ బాగానే ఆగుతోంది. ఇయర్‌ఫోన్‌లో మాత్రం కొత్త పాటలు పెడితే వాద్యాలు వినిపిస్తాయి, పాడేవాళ్లు ఎక్కడో నూతిలో ఉన్నట్టుంటారు. ఘంటసాల పాట పెడితే దాదాపు ఏమీ రాదు. ఇయర్‌ఫోన్ తీగ మీద బటన్ నొక్కి పట్టుకుంటే అన్నీ చక్కగా వస్తాయి! జాక్ చెడ్డదా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: మీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. రోగమూ మీరే చెప్పారు, పరీక్షా మీరే చేశారు. జాక్ మంచిదే.

మీ ఇయర్‌ఫోన్‌కు మైకు ఉంది. దాని పిన్ను మీద నల్ల గీతలు లెక్కపెట్టండి, మూడుంటాయి. అంటే నాలుగు పట్టీలు. ఇప్పుడు ఎక్కువగా దొరికే రకంలో చివరి నుంచి ఎడమ, కుడి, గ్రౌండు, మైకు వరుస. మీరు పెట్టిన జాక్ మూడు పట్టీల పిన్ను కోసం చేసింది. దాని గ్రౌండు రేకు మూతి దగ్గర ఉండి మైకు పట్టీని తాకుతోంది, అసలు గ్రౌండు పట్టీ ఒంటరిగా మిగిలిపోయింది. అప్పుడు రెండు చెవులూ వరుసలో పడి, ఎడమకూ కుడికీ తేడా ఎంతుందో అంతే వినిపిస్తుంది. గాయకుడి గొంతు రెండు వైపులా సమానంగా కలుపుతారు, కాబట్టి అదే ముందు కొట్టుకుపోతుంది. ఘంటసాల కాలం పాటలు చాలావరకు మోనో, రెండు వైపులా ఒకటే. తేడా సున్నా, శబ్దమూ సున్నా. బటన్ నొక్కితే మైకు తీగ గ్రౌండుకు కలుస్తుంది, అందుకే ఆ కాసేపు అన్నీ సర్దుకుంటాయి.

పిన్నును ఒక మిల్లీమీటరు వెనక్కి లాగి చూడండి, చాలాసార్లు గొంతు తిరిగొస్తుంది. శాశ్వతంగా కావాలంటే నాలుగు పట్టీల జాక్, అందులోనూ స్విచ్చి ఉన్నది వెతికి, దాని మూడో, నాలుగో కాంటాక్ట్‌లను రెండింటినీ కలిపి గ్రౌండుకు వేయండి. అప్పుడు ఏ ఇయర్‌ఫోన్ పెట్టినా పలుకుతుంది. మైకు పనిచేయదు, పాట వినడానికి మైకెందుకు?

ప్రశ్న: మా అబ్బాయి పాత కంప్యూటర్‌లో ముందువైపు ఇయర్‌ఫోన్ జాక్ విరిగిపోతే లోపలి తీగను బోర్డు నుంచి పీకేశాను. అప్పటి నుంచి వెనక స్పీకర్లు కూడా మూగబోయాయి. సౌండ్ కార్డు కొనాలా?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: కొనొద్దు. ఏసీ 97 (కంప్యూటర్లలో పాత సౌండ్ పద్ధతి) కాలం నాటి బోర్డుల్లో వెనక స్పీకర్‌కు వెళ్లే పాట ముందువైపు జాక్ దాకా వచ్చి, అందులోని రేకు గుండా తిరిగి వెనక్కి వెళ్తుంది. పైన పద్మారావు నగర్ అమ్మాయికి చెప్పిన రేకే ఇది. మీరు తీగ పీకడంతో ఆ దారి మధ్యలో తెగింది. మదర్‌బోర్డు మీద ఆ తీగ ఉన్నచోట 5, 6 నంబరు పిన్నులను, రెండు పిన్నులను కలిపే బుల్లి టోపీలాంటి ఒక జంపర్‌తో, 9, 10 పిన్నులను ఇంకో జంపర్‌తో కలపండి. పాత హార్డ్ డిస్కుల వెనక ఇలాంటి బుల్లి జంపర్లు ఉంటాయి, నా డబ్బాలో గుప్పెడున్నాయి, ఊరికే ఇస్తాను. కలిపే ముందు కరెంటు తీగ గోడ నుంచి తీసేయడం మర్చిపోవద్దు. ఆ పిన్నుల దగ్గర ఏసీ 97 బదులు హెచ్‌డీ ఆడియో అని రాసి ఉంటే మాత్రం జంపర్లు వేయొద్దు. 2004లో ఇంటెల్ తెచ్చిన ఆ పద్ధతిలో పాట ముందు జాక్ చుట్టూ తిరగదు. పిన్ను వచ్చిందా లేదా అన్న కబురు మాత్రమే చిప్పుకు చేరుతుంది, స్పీకర్‌ను ఆపాలో వద్దో సాఫ్ట్‌వేర్ తేలుస్తుంది. అక్కడ సౌండ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూడాలి.

ప్రశ్న: బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పెట్టుకున్నా స్పీకర్ ఆగేలా జాక్ ఏదైనా ఉందా?
– ఒక విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: లేదు బాబూ. పొడిచేందుకు పిన్నే లేనప్పుడు రేకును ఎవరు తోస్తారు? ఫోన్ బ్లూటూత్‌కు కలవగానే తీగలోకి పాట పంపడం మామూలుగా అదే ఆపేస్తుంది.

ఉత్తరంతోపాటు బోర్డు ఫొటో పంపేవాళ్లు వెనక వైపుది కూడా తీసి పంపండి. పోయిన నెల పదకొండు ఫొటోలొస్తే అన్నీ ముందు వైపువే. చిప్పు కాళ్లు ఎటు పోతున్నాయో నాకు అందులో ఏం కనిపిస్తుంది?