గిన్నె కిందపడితే ప్రాణం పోయినట్టుంటుంది

ప్రశ్న: మాది మిర్యాలగూడ. స్టీలు గిన్నె కిందపడినా, కుక్కర్ విజిల్ వేసినా నా భార్యకు చెవుల్లో సూదులు గుచ్చినట్టు ఉంటుంది. వినికిడి పరీక్ష నార్మల్. ప్రశ్నల ఫారంలోనూ మార్కులు తక్కువే. ఇదంతా ఆమె భ్రమేనా?

జవాబు: భ్రమ కాదండీ, దయచేసి ఆ మాట ఆమెతో అనకండి. ఇవి హైపరాక్యూసిస్ లక్షణాల్లా ఉన్నాయి, అంటే మామూలు శబ్దాలను కూడా చెవులు భరించలేని సమస్య. మామూలు వినికిడి పరీక్ష ఎంత చిన్న శబ్దం వినబడుతుందో చెబుతుంది. ఎంత శబ్దం భరించగలరో చెప్పదు.

దీనికి ఎక్కువగా వాడే ప్రశ్నల ఫారం 2002లో ఫ్రాన్స్‌లో తయారైంది. 14 ప్రశ్నలు, మొత్తం 42 మార్కులు. 28 దాటితే తీవ్రం అన్నారు. తర్వాత ఇంగ్లండ్ పరిశోధకులు 22 చాలన్నారు.

అందులో ఒక ప్రశ్న: శబ్దానికి జంకి ఎప్పుడైనా ఆహ్వానాన్ని కాదన్నారా? దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒకామె "లేదు సార్, అన్నిటికీ పోయిన" అంది. సున్నా పడింది. ఆడబిడ్డ కూతురి పెళ్లికి పోకుంటే మాట పడాలి కదా! డీజే పక్కన కొంగు చెవులకు అడ్డం పెట్టుకొని కూర్చుంది, ఇంటికొచ్చి రెండు రోజులు లేవలేదు. ఆ రెండు రోజుల సంగతి ఫారం అడగదు. మాటలను తెలుగులోకి మారిస్తే సరిపోదు, మన బతుకును కూడా అడగాలి.

ఆడియాలజిస్టును (వినికిడి నిపుణులను) కలిసి, శబ్దం ఏ స్థాయిలో భరించలేకపోతున్నారో కొలిచే పరీక్ష అడగండి. రోజంతా చెవుల్లో దూది మాత్రం వద్దు. నిశ్శబ్దానికి అలవాటుపడితే బాధ ఇంకా పెరుగుతుంది.