మీ నానమ్మను ఆ కాగితంలోంచి తీసెయ్

చిన్నీ,

నువ్వు అమెరికాలో క్లినికల్ సైకాలజీ పీహెచ్‌డీకి అప్లై చేస్తున్నావని మీ నాన్న చెప్పగానే పక్కింటావిడకి కూడా చెప్పేశాను. ఆ తర్వాత, ఎందుకు చదవాలనుకుంటున్నావో అప్లికేషన్ కోసం రాసి నువ్వు పంపిన స్టేట్‌మెంట్ చదివాను. అప్పట్నించీ టెన్షన్.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. చాలా చోట్ల గడువు డిసెంబరు మొదట్లోనే. రికమెండేషన్ లెటర్లు దసరా సెలవులకి ముందే అడుగు. ఏపీఏ, అంటే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్, గుర్తింపు లేని ప్రోగ్రాం జోలికి పోకు. యూనివర్సిటీ పేరు కన్నా ఏ ప్రొఫెసర్ దగ్గర చేస్తావన్నది ముఖ్యం. ఈ ఏడు కొత్తవాళ్లని తీసుకుంటున్నదీ లేనిదీ చాలామంది వాళ్ల పేజీలోనే రాస్తారు. పీహెచ్‌డీ అయితే చాలా చోట్ల ఫీజు మాఫీ, స్టైపెండూ ఉంటాయి. సైడీకి (PsyD, రీసెర్చి కన్నా ప్రాక్టీసు మీద నడిచే డాక్టరేటు) ఎక్కువగా మనమే కట్టుకోవాలి. మీ నాన్న ఇల్లు తాకట్టు పెడతానంటాడు, ఒప్పుకోకు. తిరిగొచ్చి ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ కావాలి, దాని సంగతి వెళ్లకముందే కనుక్కో.

ఇక అసలు విషయం. నీ మొదటి పేరా అంతా మీ నానమ్మే.

1987లో ఎంఫిల్ కోసం నేనూ అదే పని చేశాను. నెలల తరబడి అమ్మ గదిలోంచి బయటికి రాకపోవడం, బర్కత్‌పురాలో మా వీధివాళ్లు "ఎర్రగడ్డకి తీసుకెళ్లరేం" అని గొణుక్కోవడం, అన్నీ రాసి టైపు కొట్టించాను. చదివితే నాకే కళ్లనీళ్లొచ్చాయి. బ్రహ్మాండంగా ఉందనుకున్నాను. ఇంటర్వ్యూలో ఒకాయన ఎంతో మర్యాదగా, "మీ అమ్మగారు ఇప్పుడెలా ఉన్నారమ్మా?" అన్నారు. అంతే, ఏడ్చేశాను. ఎవరో మంచినీళ్ల గ్లాసు నా ముందుకి జరిపారు. నా డిసర్టేషన్ గురించి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. సీటూ రాలేదు. వాళ్లనేం అనను. పేషెంటు ఎదురుగా నేను కూర్చోగలనో లేదో వాళ్లకి తెలియాలి, నేను చూపించింది నా ఏడుపు.

ఏడాది పోతే పోయింది, మరుసటేడు ఇంకోచోట సీటొచ్చింది. కానీ కార్బన్ కాపీ ఇంట్లోనే ఉండిపోయింది. అమ్మకి అది దొరికింది. ఇంగ్లీషు రాదు కదా, మీ నాన్న చేత చదివించి అర్థం చెప్పించుకుంది. నేను ఇంటికొచ్చేసరికి చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తలెత్తకుండా, "నన్నడిగావా?" అంది. మళ్లీ ఎప్పుడూ ఆ మాటెత్తలేదు. ఇప్పుడు నువ్వు అడుగుదామన్నా ఆవిడ లేదు.

నీ దగ్గర రాయడానికి లేకనా? కొత్త తల్లుల ప్రాజెక్టులో, కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌ని పసిగట్టే ఎడిన్‌బరో స్కేలు పది ప్రశ్నలూ తెలుగులో అడిగితే ముక్తసరిగా జవాబులిచ్చినవాళ్లు, "రాత్రిళ్లు ఏం ఆలోచిస్తుంటావమ్మా" అంటే గంటసేపు మాట్లాడారని నువ్వే కదే చెప్పావు! మూడో పేజీలో ఓ మూల పడేశావు దాన్ని. మొదట పెట్టు. ఆ తేడా ఎందుకొస్తుందో తెలుసుకోవాలనుందని రాయి, ఆ పని ఏ ప్రొఫెసర్ దగ్గర కుదురుతుందో రాయి.

ఆదివారం ప్రింటు తీసుకుని రా. ఫోన్లో చదవలేను, నా కళ్లద్దాల సంగతి నీకు తెలుసుగా.

ఈ ఉత్తరం మాత్రం మీ నాన్నకి చూపించకు. అప్పుడు వాడికి పద్నాలుగేళ్లు. అమ్మకి ఆ కాగితం చదివిపెట్టింది తనేనని వాడింకా మర్చిపోలేదు.

అత్త